బోడార్క్ గింజలు మొలవలేదు.. విల్లు బద్ద కావాలంటే ఎలా పెంచాలి?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. చాలా ఏళ్లుగా డాలస్‌లో ఉద్యోగం. మూడేళ్ల కిందట టెక్సస్ ఫ్యానిన్ కౌంటీలో, బోనమ్ ఊరి దగ్గర పన్నెండు ఎకరాల నల్లరేగడి కొన్నాం. నాలుగు ఆవులు, కొన్ని మేకలు ఉన్నాయి. మా అబ్బాయికి 14 ఏళ్లు. చెక్క విల్లుతో బాణాలు వేయడం నేర్చుకుంటున్నాడు. మంచి విల్లు ఓసేజ్ ఆరెంజ్ చెక్కతోనే అని ఎవరో చెప్పారట. ఇక్కడివాళ్లు దాన్నే బోడార్క్ అంటారు. పక్క పొలం గట్టు మీద రాలిన కాయలు రెండు తెచ్చి కోసి, అక్టోబరులో నలభై గింజలు రెండంగుళాల లోతున నాటాడు. మే దాటినా ఒక్కటీ మొలవలేదు. వాడు బాగా డీలా పడ్డాడు. ఎలా పెంచాలి? విల్లుకు ఎన్నేళ్లకు వస్తుంది? ముళ్లు లేని మొక్కలు ఉంటాయా? నాలుగు గింజలు మా ఊరికి పట్టుకెళ్లి గట్టు మీద వేసుకోవచ్చా?
– ఒక రైతు, బోనమ్

సమాధానం: అబ్బాయి నాటిన నెల సరైనదే. ఈ గింజకు మొలకెత్తే ముందు కొంత చలి తగలాలి. అక్టోబరులో వేస్తే మీ ఉత్తర టెక్సస్ చలికాలమే ఆ పని చేసిపెడుతుంది. తేడా వచ్చింది లోతు దగ్గర. శీతాకాలం వానలకు రేగడి ముద్దయి, వసంతంలో ఎండ తగలగానే పైన పెచ్చు కడుతుంది. రెండంగుళాల కింద ఉన్న మొలక దాన్ని చీల్చుకు రాలేదు. అర అంగుళం మించి లోతు వద్దు. ఇంకో అనుమానం ఉడుతల మీద. ఈ గింజలంటే వాటికి ప్రాణం, కాయ చీల్చి పోగులు పోసి మరీ తింటాయి. ఆ గుంతల్లో రెండు మూడు పుల్లతో కదిలించి చూడమనండి. గింజ కుళ్లి కనిపిస్తే లోతు తప్పు, అసలు గింజే లేకపోతే దొంగ ఎవరో తెలిసిపోతుంది.

మీ పొలం ఈ చెట్టుకు పుట్టిల్లు. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా కలిసే రెడ్ రివర్ లోయ దీని సొంత ప్రాంతం. ఓసేజ్ తెగవాళ్లు దీంతో విళ్లు చేసుకునేవారు. అది చూసి ఫ్రెంచివాళ్లు తమ భాషలో ‘విల్లు చెక్క’ అని పేరు పెడితే, అది స్థానికుల నోట్లో బోడార్క్ అయింది. మీ కౌంటీలో పారే వాగుకూ అదే పేరు. నేల సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఎండాకాలం నెర్రెలిచ్చి వానకు ఉబ్బే ఆ మట్టి, గుంటూరు పత్తి చేల మట్టి ఒక జాతివే. సున్నం ఎక్కువున్నా, వాన తక్కువైనా బోడార్క్ తట్టుకుంటుంది. కుటుంబం చూస్తే మల్బరీకీ, పనసకూ చుట్టం. ఆకు తుంచితే పాలు కారతాయి. మల్బరీ దొరకని చోట పట్టుపురుగులకు ఈ ఆకు వేసి చూసినవాళ్లూ ఉన్నారు.

ఈసారి కాయలు ఏరేటప్పుడు కింద రాలినదాన్ని చూసి మురిసిపోకుండా, తలెత్తి చెట్టును చూడండి. మాను నిటారుగా ఉందా, బెరడు గీతలు నిలువుగా దిగాయా, మెలి తిరిగాయా? మెలి తిరిగిన చెట్టు చీలిస్తే బద్ద కూడా మెలి తిరిగే వస్తుంది. అయితే తాటిచెట్లలో పోతు, పెంటి ఉన్నట్టే ఇందులోనూ మగ చెట్టు, ఆడ చెట్టు వేరు. పుప్పొడి గాలికి వస్తుంది, తండ్రి ఎవరో చెప్పలేం. అందుకే నాలుగైదు మంచి చెట్ల కింది కాయలు కలిపి తెచ్చుకోండి.

పచ్చి కాయ కోసి గింజ తీయడం ఒక తలనొప్పి. చేతికి పట్టిన జిగురు సబ్బుకు కూడా వదలదు, కొందరికి ఒళ్లు దద్దుర్లు వస్తాయి. దాని బదులు పది కాయలు బకెట్‌లో వేసి, ఉడుతలు దూరకుండా పైన ఇనుప జాలీ కట్టి, చలికాలమంతా బయటే వదిలేయండి. ఫిబ్రవరికి నల్లగా కుళ్లి గుజ్జవుతుంది. వాసన భరించాలి, అంతే. గ్లవ్స్ వేసుకుని పిసికి, జల్లెడలో నీళ్లు కొట్టి కడిగితే లేత గోధుమ రంగులో, దోస గింజ కంటే కాస్త లావైన గింజలు మిగులుతాయి. ఒక్క కాయలోనే రెండు వందల దాకా ఉంటాయి. వీటికి చలి అప్పటికే అందింది కాబట్టి వేరే శుద్ధి అక్కర్లేదు. ముందే కడిగి ఆరబెట్టిన గింజలు ఉంటే మాత్రం రెండు రోజులు నీళ్లలో నానబెట్టి వేయాలి, లేదా తడి ఇసుకలో కలిపి నెల రోజులు ఫ్రిజ్‌లో ఉంచాలి.

మంచు భయం పోయాక, ఏప్రిల్‌లో వేయండి. దీనికి తల్లివేరు బలంగా దిగుతుంది. పొట్టి సంచుల్లో పెంచితే అడుగున వేరు చుట్ట చుట్టుకుని మొక్క ఎప్పటికీ తేరుకోదు. అడుగు లోతైన కుండీలు తీసుకుని, అందులో మీ రేగడి కాకుండా ఇసుక, కంపోస్టు కలిసిన గుల్ల మట్టి నింపండి. కుండీకి రెండు గింజలు వేసి, మొలిచాక బలమైనది ఉంచుకోవాలి. వచ్చే చలికాలంలో ఆకు రాల్చిన మొక్కను పొలంలోకి మార్చండి.

గింజ మొలిపించడం ఇందులో చిన్న పని. మీ అబ్బాయికి కావలసింది ముడి లేని, వంపు లేని ఆరడుగుల బోదె. బోడార్క్‌ను దాని మానాన వదిలేస్తే అది చచ్చినా ఇవ్వనిది అదే. ముళ్లతీగ రాకముందు, అంటే 1874కు ముందు, అమెరికా మైదానాల్లో ఈ చెట్లను అడుగుకొకటి నాటి, నరికి, వంచి కంచెలు వేసేవారు. ఆ కంచె గుర్రమంత ఎత్తు, ఎద్దు తోసినా కదలనంత గట్టి, పంది కూడా దూరనంత దట్టం అని చెప్పుకునేవారు. కంచెకు ఏ గుణం వరమో విల్లుకు అదే శాపం. విడిగా ఎండలో నిలబడిన చెట్టు మోకాలి ఎత్తు నుంచే కొమ్మలు వేసి గొడుగులా పరుచుకుంటుంది.

కాబట్టి దగ్గర దగ్గరగా, అయిదారు అడుగులకొకటి నాటండి. వెలుతురు కోసం పోటీపడి పైకి సాగుతాయి. ఎనిమిది పదేళ్లకు వంకరవి తీసేసి పలచన చేయాలి. తీసినవి కంచె రాటలకు వాడుకోండి, మట్టిలో పాతినా దశాబ్దాలు చెక్కుచెదరవు. డాలస్‌లో పాత ఇళ్ల కింద పునాది దిమ్మెలుగా ఈ దుంగలే ఉన్నాయి, ఎప్పుడైనా వంగి చూడండి.

కత్తిరింపుల విషయం కాస్త జాగ్రత్తగా వినండి. విల్లు చేసేది చెట్టు నడిమి నుంచి కాదు, బయటి వైపు చేవ నుంచి. బోదె రెండంగుళాల లావున్నప్పుడు పక్క కొమ్మ తీసేస్తే, ఆ ముడి నడిమి రెండంగుళాల్లోనే ఉండిపోతుంది. తర్వాత ఏటేటా పేరుకునే చెక్క దాని మీదుగా నున్నగా కప్పేస్తుంది. అదే కొమ్మను పదేళ్లు ఉంచి తీస్తే ముడి పై పొర దాకా వచ్చేస్తుంది, ఇక ఆ బద్ద పొయ్యిలోకే. అందుకని ప్రతి ఫిబ్రవరిలో, కొమ్మ బొటనవేలి లావు దాటకముందే, కింది నుంచి మొదలుపెట్టి కొన్నేళ్లలో ఎనిమిది అడుగుల ఎత్తు వరకు శుభ్రం చేయండి. ఒక్క ఏడే అన్నీ ఊడ్చేయకండి, సగానికి పైగా ఆకు చెట్టు మీద ఉండాలి. కోసిన చోట వేసవిలో పిలకలు పుట్టుకొస్తాయి, లేతగా ఉన్నప్పుడే గిల్లేయాలి. ఈ గిల్లే పని అబ్బాయికే అప్పగించండి.

రెండు మూడేళ్లకు మొక్క మరీ వంకరగా వస్తే బాధపడొద్దు. చలికాలం చివర నేలమట్టంగా నరికేయండి. కింద వేరు బలంగా ఉంటుంది కాబట్టి మోడు నుంచి పిలకలు ఏడాదికి మూడు నుంచి అయిదు అడుగులు నిటారుగా లేస్తాయి. బాగున్నది ఒక్కటే ఉంచి మిగతావి తీసేయాలి. నా మాట అడిగితే, సగం మొక్కలకు ఇలా చేసినా నష్టం లేదు.

మొదటి రెండేళ్లు అసలు శత్రువు గడ్డి. అక్కడ బెర్ముడా గడ్డి అని డబ్బు పెట్టి లాన్లలో వేసేది మన గరికే. మొక్క చుట్టూ మూడడుగులు గరిక లేకుండా ఉంచి, ఎండుగడ్డి కానీ చెక్క పొట్టు కానీ పరవండి. మొదటి వేసవి వారానికోసారి నీళ్లు ఇవ్వాలి. మొక్క త్వరగా పెరిగితే చెక్క పేలవంగా ఉంటుందేమోనని కొందరికి సందేహం. ఇందులో ఆ భయం లేదు. మానులో ఏడాదికొకటి పడే వలయంలో మొదట వచ్చే గుల్ల పొర పలచగానే ఉంటుంది, బాగా పెరిగిన ఏడాది గట్టి పొర మందంగా వస్తుంది. విల్లు వీపు, అంటే బాణం వేసేవాడికి అవతలి వైపు, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే వలయం మీద నడవాలి. మధ్యలో ఆ పొర తెగితే లాగినప్పుడు విల్లు అక్కడే పుటుక్కుమంటుంది. మందమైన వలయాన్ని వెంబడించడం కొత్తవాళ్లకు తేలిక.

కుందేళ్లు, జింకలు, ముఖ్యంగా మీ మేకలు దూరకుండా జాలీ కట్టాలి. ఎండాకాలంలో ఒక మొక్క ఆకులు రాల్చకుండానే ఉన్నట్టుండి ఎండిపోతే, అది టెక్సస్ పత్తి నేలల్లో ఉండే వేరుకుళ్లు కావచ్చు. ఆ మచ్చలో మళ్లీ నాటకండి. ఆవుల సంగతి మరచిపోవద్దు. కాయ విషం కాదు గానీ, గుండ్రంగా గొంతుకు అడ్డం పడి ఊపిరాడక చచ్చిన పశువులున్నాయి. పక్క గట్టు కాయలు మీ మేత వైపు రాలుతుంటే శరదృతువులో ఏరి పారేయండి.

ముళ్ల విషయానికొస్తే, గింజ మొక్క లేతప్పుడు ముళ్లతోనే వస్తుంది. ట్రాక్టర్ టైరుకు కూడా పంక్చర్ చేస్తాయి, కోసిన కొమ్మలు దారిలో పడేయకండి. ముళ్లు లేనివి కావాలంటే వైట్ షీల్డ్, విచిటా అనే మగ రకాలు నర్సరీల్లో దొరుకుతాయి. అవి కొమ్మల నుంచి పెంచినవి, గింజతో ఆ గుణం రాదు.

ఇక ఎన్నేళ్లు? ఎనిమిది అంగుళాల మాను కావాలంటే మంచి నేలలో ఇరవై ఏళ్ల లెక్క వేసుకోండి. పాతికేళ్లయినా ఆశ్చర్యం లేదు. నాలుగైదు అంగుళాల దానితోనూ విల్లు చేసేవాళ్లున్నారు, కానీ దాని వీపు మరీ గుండ్రంగా ఉంటుంది, నేర్చుకునే చేతులకు కష్టం.

మా ఊరికి గింజలు పట్టుకెళ్తానంటే మాత్రం వద్దనే చెబుతాను. దిగుమతి పర్మిట్, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా విత్తనం తేవడం చట్టప్రకారం తప్పు. పైగా అమెరికా ఖండం నుంచి వచ్చిన సర్కారు తుమ్మ మన చెరువులనూ గట్లనూ ఏం చేసిందో మీరు చూసే ఉంటారు.

అబ్బాయికి ఇప్పుడే విల్లు కావాలి కదా. కాయలు తెచ్చిన ఆ గట్టు యజమానినే అడగండి. పాత కంచె చెట్లు నరికించుకోవాలని చూసేవాళ్లు ఆ వైపు చాలామందే. చలికాలంలో నిటారు మాను ఒకటి కోసి, కోసిన రోజే రెండు చివరలకూ చెక్క జిగురు మందంగా పూయండి. ఆలస్యమైతే చివరల నుంచి పగుళ్లు లోపలికి పాకుతాయి. ఇనుప చీలలు (వెడ్జ్‌లు) కొట్టి నిలువునా చీల్చినప్పుడు లోపల చేవ, పచ్చి పసుపు కొమ్ము విరిచినట్టు మెరుస్తుంది. వెలుతురు తగిలేకొద్దీ తేనె రంగుకూ, తర్వాత గోధుమ రంగుకూ తిరుగుతుంది. బెరడు ఉంచితే దాని కింద పురుగు తొలుస్తుంది కాబట్టి బెరడూ తెల్ల చెక్కా తీసేసి, వీపుకు కూడా లక్క వార్నిష్ పూసి, గాలి ఆడే నీడలో ఏడాదికి తక్కువ కాకుండా ఆరనివ్వండి. కొత్త కదా, రెండు బద్దలు పాడవుతాయి, నాలుగు చీల్చి పెట్టుకోండి.

మాను కోసిన చోట మోడు చావదు. వసంతంలో పిలకలు వేస్తుంది. వాటిలో ఒకటి వదిలేయమని యజమానిని బతిమాలుకోండి. పాత చెట్టు వేర్లన్నీ దాని కిందే ఉంటాయి కాబట్టి మీ కుండీల్లోని మొక్కల కంటే అదే ముందు విల్లు బద్ద ఇస్తుంది.