సాక్ష్యం రాసే అమ్మాయికి

అమ్మాయికి, కర్నూలు నుంచి వందనాలు.

మీ నాయన వాట్సాప్‌లో పంపిన నీ తొమ్మిది పేజీలు ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. ఫోన్లో కథ చదవడం నా కళ్లవల్ల కాదు.

2021 నవంబర్ 19 తెల్లారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. చెయ్యేరు ఊళ్ల మీద పడింది. తర్వాత మీ చర్చి యూత్ కడప నుంచి బియ్యం, దుప్పట్లు వేసుకుని పులపుత్తూరు వైపు పోయింది. విషయం ఇదీ. నువ్వేమో ఐదో పేజీకి గానీ ఊళ్లో కాలు పెట్టలేదు. అంతవరకూ ప్రార్థన కూడిక, చందాలు, వ్యాను పంక్చరు, ఆ పంక్చరు ఎలా తీరిందో. ఊళ్లోకి వచ్చాకైనా "మేము పంచాము, వాళ్ల కళ్లు చెమర్చాయి, ప్రభువు మమ్మల్ని వాడుకున్నాడు" అని మూడు ముక్కల్లో తేల్చేశావు.

ఆదివారం ఆరాధనలో మైకు పట్టుకుని చెప్పే సాక్ష్యం ఇలాగే ఉంటుంది. దాన్ని నేను తక్కువ చేయను. మా అమ్మ చెప్పే సాక్ష్యాలు వింటూ పెరిగినవాణ్ని, మాట ఎక్కడ ఆపాలో అక్కడే నేర్చుకున్నాను. కానీ కోర్టులో కూడా సాక్ష్యం చెబుతారు కదా. అక్కడ నీకేమనిపించిందని ఎవరూ అడగరు. ఏం చూశావు, ఎక్కడ నిలబడి చూశావు, అప్పుడు టైమెంత? నీ పేజీల్లో నేను వెతుక్కున్నది ఆ సాక్ష్యం.

ఇంకోమాట. "బాధితులు" అనే మాట పద్నాలుగుసార్లు వాడావు, లెక్కపెట్టాను. అది పేపరువాళ్ల మాట. నువ్వు దుప్పటి ఇచ్చిన మనిషి ఆ ముందురోజు సాయంత్రం దాకా అరటితోట కౌలు గురించో, కూతురి కాన్పు గురించో ఆలోచించుకుంటున్న మనిషి.

నా సంగతి చెబుతా. 2009 అక్టోబర్ 2, గాంధీ జయంతి. తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీదికి వచ్చాయి. దిగువన శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల దాకా చేరుతుంటే ఇక్కడి నీళ్లు ఎక్కడికి పోతాయి? కరువంటే ఎట్లా బతకాలో తెలిసిన ఊరు మాది, వరదంటే ఏ సామాను ముందు పైకెత్తాలో కూడా తెలియదు. నీళ్లు తీశాక పాతబస్తీ సందుల్లో ఒండ్రు, దాని కంపు. మా సంఘం కుర్రాళ్లు పారలు, తట్టలు పట్టుకుని దిగారు. చేతిరాత బాగుంటుందని నాకు మాత్రం నోటుపుస్తకం ఇచ్చారు.

ఇంటి పెద్ద పేరు, ఎంతమంది, ఏం కావాలి. బియ్యం, దుప్పటి, పాలపొడి అని ముందే గళ్లు గీసుకుని పోయాను, టిక్కు పెడితే సరిపోతుందని. మూడో ఇంట్లోనే ఒకామె, "బియ్యం నిన్ననే ఇద్దరిచ్చిపోయినారు సార్, దేంట్లో వండేది?" అనింది. గిన్నె లేదు, స్టవ్ లేదు. ఇంకో ఇంట్లో ఒక ఆడపిల్ల మా టీమ్‌లోని అక్కను పక్కకు పిలిచి లోపలి గుడ్డలు అడిగింది. మేం మోసుకొచ్చిన పాతబట్టల మూటల్లో జరీచీరలు కూడా ఉన్నాయి గానీ అవి లేవు. ఆ పూటే గళ్లు కొట్టేసి, ఎవరు ఏం చెబితే అది చెప్పినట్టు రాసుకోవడం మొదలుపెట్టాను. ఎవరైనా నన్ను రాయడం ఎక్కడ నేర్చుకున్నావంటే ఆ సందు పేరే చెబుతాను.

ఆ పుస్తకంలో రాయనిది ఒకటుంది. ఒకింట్లో పెళ్లి ఆల్బం తడిసి ఉబ్బిపోయింది. ఆమె ఫొటోలు ఒక్కొక్కటే ఊడదీసి మిద్దె మీద పిట్టగోడకు ఆరేసుకుంటోంది. నేను సాయం చేద్దామని తడిగుడ్డ తీసుకుని ఒకదాని మీది బురద తుడిచాను. బురదతోపాటు రంగు కూడా జారి గుడ్డకు అంటుకుంది. పెళ్లికొడుకు ముఖం ఉన్నచోట తెల్లటి మచ్చ. ఆమె నా చేతిలోంచి ఫొటో మెల్లగా తీసుకుని, "పోనీలే సార్, ఎండన పడి వచ్చినారు, నీళ్లు తాగండి" అని ఒక వాటర్ ప్యాకెట్ ఇచ్చింది. అది పొద్దున మేం పంచినదే.

ఆ ఏడే వరద మీద ఒక కథ రాశాను. అందులో యువకులు బురద ఎత్తారు, ముసలమ్మలు దీవించారు. బాగుందన్నారు కూడా. ఫొటో సంగతి రాయడానికి ఐదేళ్లు పట్టింది, రాసేటప్పుడు చెవులు వేడెక్కాయి. నీ తొమ్మిది పేజీల్లో నీ చెవులు వేడెక్కేది ఒక్కటీ లేదు. టోకెన్ల దగ్గర తోపులాట జరగలేదా? వ్యానుకు కట్టిన ఫ్లెక్సీ ముందు దుప్పటి పట్టుకుని ఫొటోకు నిలబడమంటే ఎవరూ ముఖం తిప్పుకోలేదా? మీలో మీరు గొడవ పడలేదా? అవి రాయి. ఊరివాళ్ల పేర్లు మాత్రం మార్చు, మన పిల్లల పేర్లు కూడా. పాస్టరయ్యకు ముందే చూపించకు. ఆయన మంచివాడే, కానీ కథలో ఆమెన్ ఎక్కడ పెట్టాలో చెబుతాడు.

ఇంత తిట్టినా నిన్ను వదలకపోవడానికి కారణం ఏడో పేజీలోని రెండు లైన్లు. ఇల్లు ఉండిన చోట ఇసుక మేట వేసి ఉంది, ఒక తాత జల్లెడ పట్టుకుని ఆ ఇసుక జల్లిస్తున్నాడు. అంతే, మీ వ్యాను హారన్ కొట్టింది, నువ్వు ఎక్కేశావు.

ఆ హారన్ కొట్టనీ, నువ్వు ఎక్కకు. మొదటి ఆరు పేజీలు తీసేసి అక్కడి నుంచి మొదలుపెట్టు. ఆయన ఏం వెతుకుతున్నాడు? అడిగావా? అడగకపోతే అడగలేదనే రాయి, కల్పించొద్దు. ఇంకొకటి నన్ను రెండు రోజులుగా తినేస్తోంది. ఇల్లంతా కొట్టుకుపోయినాయన చేతికి ఆ జల్లెడ ఎక్కడిది?