క్రీడాకారిణి కథ రాస్తున్న తమ్ముడికి

తిరుపతి

చిరంజీవి తమ్ముడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన స్క్రిప్టు శ్రద్ధగా చదివాను. చిత్తూరు మెసానికల్ మైదానంలో పరుగు నేర్చుకున్న ఒక అమ్మాయి 400 మీటర్ల హర్డిల్స్‌లో జాతీయ స్థాయికి ఎదగడం మంచి కథ. సంభాషణల్లో నీకు చెయ్యి తిరిగింది. అయితే మొదటి సగంలో నాకు బాగా పరిచయమైన ఆ అమ్మాయి చివరికొచ్చేసరికి మాయమైపోయింది. ఆమె స్థానంలో చాలా సినిమాల్లో చూసిన కథానాయిక వచ్చి నిలబడింది. ఆఖరి హర్డిల్ దగ్గర వెనకబడుతుంది, చనిపోయిన తండ్రి కళ్లముందు మెదులుతాడు, ఒక్క ఉదుటున అందరినీ దాటేస్తుంది. ఈ ఘట్టం తీసెయ్యమని అడగడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఇలాంటిది మనకు సినిమాలే అలవాటు చేశాయి. 2013లో మిల్ఖా సింగ్ మీద వచ్చిన ‘భాగ్ మిల్ఖా భాగ్’ చూశావు కదా. 1960 రోమ్ ఒలింపిక్స్ 400 మీటర్ల పరుగు ఫైనల్లో ఆయన వెనక్కి తిరిగి చూడటాన్ని దేశ విభజన నాటి గాయంతో ముడిపెట్టారు. ఆ గాయం నిజమే, ఆ మారణకాండలో ఆయన కన్నవాళ్లను పోగొట్టుకున్నారు. కానీ ఆ పరుగు గురించి మిల్ఖా స్వయంగా చెప్పుకున్న కారణం వేరు. మొదట్లో మరీ వేగంగా వెళ్లానని, అంత వేగం చివరిదాకా నిలవదేమోనని సుమారు 250 మీటర్ల దగ్గర కాస్త తగ్గానని, పతకం అక్కడే చేజారిందని ఆయన చెప్పేవారు. కాంస్యం గెలిచిన మాల్కమ్ స్పెన్స్ సమయం 45.5 సెకన్లు, మిల్ఖాది 45.6. నన్ను ఎక్కువగా కలచివేసేది ఈ రెండో కారణమే. ఒంట్లో ఇంకెంత సత్తువ మిగిలిందో పరుగు మధ్యలో లెక్కగట్టుకోవడం, ఆ లెక్క తప్పడం 400 మీటర్లు పరుగెత్తిన మనిషికి మాత్రమే తెలిసే విషాదం. దర్శకుడు దాన్ని వదులుకుని, ఆటకు బయట ఉన్న కారణాన్ని తెచ్చుకున్నాడు.

గెలుపును కూడా ఉన్నది ఉన్నట్టు చూపించరు. 1948 లండన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్లో మనవాళ్లు బ్రిటన్‌ను 4-0తో ఓడించారు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి ఏడాది. మనల్ని పాలించినవాళ్ల గడ్డ మీద, వాళ్ల జట్టు మీదే, ఒక్క గోలు కూడా ఇవ్వకుండా గెలిచారు. ఇంతకంటే ఏం కావాలి? అయినా ‘గోల్డ్’ సినిమాలో ఆ మ్యాచ్‌ను నువ్వా నేనా అన్నట్టు సాగే పోరుగా మార్చారు. ‘దంగల్’లో 2010 కామన్వెల్త్ క్రీడల ఫైనల్ ఆఖరి క్షణాల దాకా సాగుతుంది. నిజానికి గీతా ఫోగాట్ ప్రత్యర్థికి ఒక్క పాయింటు కూడా ఇవ్వకుండా గెలిచింది. అంత సత్తా ఉన్న మల్లయోధురాలు ఓటమి అంచు నుంచి బయటపడినట్టు చూపిస్తే, ఆమె స్థాయిని తగ్గించడం కాదా? పైగా ఆ సినిమాలో కోచ్, గీత తండ్రిని గదిలో పెట్టి తాళం వేయిస్తాడు. అలాంటిదేమీ జరగలేదు. పాత్ర పేరు మార్చినా లోకం అసలు కోచ్‌ను గుర్తుపట్టింది, ఆయన బాహాటంగానే బాధపడ్డారు. నీ స్క్రిప్టులో లంచం అడిగే కోచ్ ఉన్నాడు. నిజంగా జరిగి ఉంటే ఉంచు. కథకు ఒక దుర్మార్గుడు కావాలని పెట్టావా, తీసెయ్.

ఉత్కంఠ లేకపోతే జనం చూడరని నువ్వంటావు. ఉత్కంఠ ఆటలోనే ఉంది తమ్ముడూ, మనం తెలుసుకోవాలి అంతే. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో బరువులెత్తే పోటీలో మన కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. మొదటి రెండు స్థానాల్లో ఉన్నవాళ్ల మొత్తం చెరి 242.5. ఆఖరి ప్రయత్నానికి బార్ మీద 137.5 కిలోలు పెట్టించారు. లేచి ఉంటే స్వర్ణం. లేవలేదు. 130 నుంచి ఒకేసారి ఏడున్నర కిలోలు పెంచాలని తీసుకున్న ఆ నిర్ణయం చుట్టూ ఎంత కథ ఉందో ఆలోచించు.

నీ కథలోని అమ్మాయి విషయానికి వస్తాను. ఆమె పరుగులో పది హర్డిళ్లుంటాయి, ఒక్కొక్కటి 76.2 సెంటీమీటర్ల ఎత్తు, రెండింటి మధ్య దూరం 35 మీటర్లు. ఆ 35 మీటర్లను ఎన్ని అంగల్లో దాటుతుందన్నదే ఆమె ప్రాణం. 15 అంగలైతే ప్రతిసారీ ఒకే కాలు ముందుకు చాచి దూకుతుంది. ఏడో హర్డిల్ దాటేసరికి తొడలు బరువెక్కి అంగ చిన్నదవుతుంది. 15 కాస్తా 16 అయిందంటే రెండో కాలితో దూకాల్సి వస్తుంది. ఆ కాలికి సాధన లేకపోతే హర్డిల్ ముందు చిన్నచిన్న అడుగులు వేస్తూ తడబడుతుంది, పక్క లేన్ అమ్మాయి ముందుకు వెళ్లిపోతుంది. అందుకే ఏడాది పొడవునా తనకు చేతకాని కాలితో దూకడం నేర్చుకునే అమ్మాయిని రాయి. మొదటి వారాల్లో మోకాలు హర్డిల్‌కు తగిలి చర్మం లేచిపోవడం రాయి. ఈ పరుగులోనే పి.టి. ఉష 1984 లాస్ ఏంజెలిస్‌లో సెకనులో నూరో వంతు తేడాతో కాంస్యం కోల్పోయారు, 55.41కి 55.42. ఇది తెలిసిన ప్రేక్షకుడికి నీ అమ్మాయి వేసే ప్రతి అంగా గుండె దడ పెంచుతుంది. తండ్రి ముఖం చూపించే అవసరమే రాదు.

ఇసుక మూటలు మోస్తూ అలిపిరి మెట్లెక్కే పాట కూడా వద్దు. 3,550 మెట్ల మీద అలా శిక్షణ ఇస్తే మోకాళ్లు ఏమవుతాయో ఏ కోచ్‌ను అడిగినా చెబుతాడు.

ఇంకొకటి, నేను చాలాకాలంగా కోరుకుంటున్నది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం నుంచి వచ్చిన హాకీ గోల్‌కీపర్ ఇటిమార్పు రజని టోక్యో ఒలింపిక్స్ బృందంలో ప్రత్యామ్నాయ గోల్‌కీపర్. మన అమ్మాయిలు సంచలనంగా ఆస్ట్రేలియాను ఓడించి, చివరికి నాలుగో స్థానంలో నిలిచిన ఆ టోర్నీలో గోల్‌పోస్టు ముందు సవిత నిలబడింది. అవకాశం వస్తుందో రాదో తెలియకపోయినా, ఈ క్షణమే దిగమన్నా దిగగలిగేలా సిద్ధంగా ఉండాల్సిన రెండో గోల్‌కీపర్ గురించి ఒక్క సినిమా చూశావా? క్రీడల్లో ఎక్కువమంది జీవితం అలాంటిదే. నీ కథలో రిలే జట్టు ఉంది కదా, పరుగెత్తేది నలుగురే, బయట ఎదురుచూసే అయిదో అమ్మాయికి ఒక పేరు పెట్టు, రెండు సన్నివేశాలు ఇవ్వు.

ఇక ముఖ్యమైన పని. నీ కథకు ఆధారమైన ఆ అమ్మాయికి, ఆమె కోచ్‌కు తిరగరాసిన ప్రతి చదివి వినిపించు. ఇది నాలా లేదని ఆమె అన్నచోట వాదించకు, రాసుకో. వచ్చే నెల తిరుపతి వచ్చినప్పుడు పొద్దున్నే తారకరామ స్టేడియానికి వెళదాం, పరుగు సాధన చేసేవాళ్లను దగ్గర నుంచి చూడొచ్చు. స్టార్టింగ్ లైన్ నుంచి మొదటి హర్డిల్‌కు 45 మీటర్లు. దాన్ని నీ కథలోని అమ్మాయి ఎన్ని అంగల్లో చేరుతుందో ముందే కనుక్కుని రా.

మీ అన్నయ్య