డాక్టర్ సలహా: చెట్టు సంగతి తర్వాత, ముందు ఆ మాత్రల సంగతి చెప్పండి

ప్రశ్న: నా వయసు 64. మాది ఖమ్మం. పదేళ్లుగా షుగర్ ఉంది. న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గరికి వచ్చి మూడు నెలలైంది. రెండు వారాల క్రితం పెరటి కంచెకు పాకిన తీగలన్నీ పీకి కుప్ప పెట్టాను. మూడో రోజుకల్లా రెండు ముంజేతుల మీద, పిక్కల మీద గీతలు గీసినట్టు నీటి పొక్కులు లేచాయి. భరించలేని దురద. సర్పి ఏమోనని భయం వేసింది. ఊళ్లో మెడికల్ షాపు నుంచి తెచ్చుకున్న దురద మాత్రలు ఐదు రోజులు వేసుకున్నాను, క్రీమ్ కూడా రాశాను. బాగా తగ్గింది. ఆపిన రెండు రోజులకే మళ్లీ ఎక్కువైంది. నిన్నటి నుంచి ఎడమ కంటి కింద కాస్త వాపు. కంచె పక్కన ఎర్రటి కంకుల చెట్టు ఒకటి ఉంది. అది సుమాక్ అని, విషమని ఒకరు చెప్పారు. దాన్ని కొట్టించి తీగలతో కలిపి తగలబెట్టమంటారా? మూడేళ్ల మనవరాలికి నా నుంచి అంటుకుంటుందా?
- ఒక పాఠకుడు

సలహా: ఆ కుప్పకు నిప్పు పెట్టకండి. మిగతాది నిదానంగా చదువుకున్నా ఫర్వాలేదు. మీరు రెండు ఫొటోలు పంపారు. చెట్టుది స్పష్టంగా ఉంది, చేతిది మసకగా ఉంది. నాకు కావాల్సింది చెయ్యి. అయినా ఆ పొక్కుల వరస, మీరు చెప్పిన తీరు కలిపి చూస్తే మీరు పీకినవి చాలావరకు పాయిజన్ ఐవీ తీగలే అయ్యుంటాయి. ఆ తీగ సొనలో ఉరుషియాల్ అనే జిడ్డు ఉంటుంది. తీగ ఎండినా జిడ్డు పోదు. కాలిస్తే పొగతో పాటు గొంతులోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మీ చేతి మీద లేచిన వాపు లోపల లేస్తే ఆసుపత్రిలో పడాల్సి వస్తుంది. పైగా ఇంట్లో చిన్నపిల్ల.

రెండోది కన్ను. ఈ రోజే అక్కడి అర్జెంట్ కేర్‌లో (అపాయింట్‌మెంట్ లేకుండా చూసే క్లినిక్) చూపించుకోండి, వారాంతం దాకా ఆగొద్దు. కన్ను మూసుకుపోయినా, చూపు మసకబారినా, పెదాలు వాచినా, ఊపిరి ఆడటం కష్టమైనా అక్కడి ఎమర్జెన్సీ నంబరు 911కి ఫోన్ చేయించండి. బిల్లు ఎంతవుతుందోనని వెనకాడుతున్నట్టున్నారు. మీరు రాయలేదు గానీ, రెండు వారాలు ఆగడంలోనే తెలిసిపోతోంది. పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లలో చాలామంది ఇంతే. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితాలు తీసి ఏమేం వర్తిస్తాయో అమ్మాయిని చూడమనండి.

ఇక నాకు అసలు టెన్షన్ పెట్టినవి మీ 'దురద మాత్రలు'. వాటి పేరు రాయలేదు. బహుశా మీ దగ్గరా లేదేమో. షాపులో స్ట్రిప్‌ను కత్తెరతో కత్తిరించి, నాలుగు మాత్రలు చిన్న కవర్లో వేసి ఇస్తారు కదా. ఈ ఉదయమే ఒకావిడ అలాంటి కవరు నా బల్ల మీద బోర్లించింది. మూడు రంగుల మాత్రలు. ఒక ముక్క మీద పేరులో చివరి అక్షరాలే మిగిలాయి, 'సోన్' అని. ఆవిడ వాటిని కీళ్ల నొప్పికి ఏడాదిగా వేసుకుంటోంది. స్టెరాయిడ్ అని ఎవరూ చెప్పలేదట. షుగర్ మూడు వందలు దాటాక నా దగ్గరికి పంపారు.

మీవీ స్టెరాయిడ్లే అని చూడకుండా నేను తేల్చలేను. కానీ వేసుకోగానే మాయమై, ఆపగానే మళ్లీ విజృంభించిందంటే అనుమానం అటే పోతుంది. ఈ అలర్జీ ఒంట్లో రెండు మూడు వారాలు నడుస్తుంది. ఐదు రోజుల మందు దాన్ని నొక్కి పెడుతుందంతే, చెయ్యి తీస్తే పైకి లేస్తుంది. అందుకే ముఖం వాచినప్పుడో, ఒళ్లంతా వచ్చినప్పుడో స్టెరాయిడ్ తప్పదనుకుంటే మేము రెండు మూడు వారాల పాటు మోతాదు తగ్గించుకుంటూ రాస్తాం. స్టెరాయిడ్ షుగర్‌ను పెంచుతుంది కాబట్టి, షుగర్ ఉన్నవాళ్లకైతే రోజూ గ్లూకోమీటర్‌తో చూసుకోమని, కావాలంటే షుగర్ మందులు కూడా మార్చి రాస్తాం. ఆ ఐదు రోజుల్లో మీరు ఒక్కసారైనా షుగర్ చూసుకున్నారా? మిగిలిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టకండి. కవరు, ట్యూబు రెండూ తీసుకెళ్లి అక్కడి డాక్టర్ ముందు పెట్టండి. తిడతారేమోనని దాచొద్దు.

క్రీమ్ సంగతీ అంతే. 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్ముతూనే ఉన్నారు, మనం సూట్‌కేసులో సర్దుకుంటూనే ఉన్నాం. దాన్ని కంటి దగ్గర మాత్రం రాయకండి. చూపించుకునే లోపు చల్లటి తడి గుడ్డ వేసుకోండి, చేతులకు కాలమైన్ లోషన్ చాలు. పొక్కులు చిదపకండి. పసుపు, వేపాకు ముద్ద వద్దు. చీము పట్టినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కు వెంటనే చెప్పండి. షుగర్ ఉన్న ఒంట్లో ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది.

సర్పి మామూలుగా ఒంటికి ఒక పక్కనే, పట్టీలా వస్తుంది. దురద కంటే మంట, పోటు ఎక్కువ. రెండు చేతులకూ రెండు కాళ్లకూ వచ్చింది కాబట్టి నేను అటు మొగ్గడం లేదు. అయినా కంటి దాకా వచ్చింది గనుక చూసే డాక్టరే తేల్చాలి.

ఒక్క విషయం మాత్రం ఆసక్తిగా అనిపించింది. ఈ తీగ మొదటిసారి తగిలినవాళ్లకు దద్దు లేవడానికి వారం పది రోజులు, ఒక్కోసారి మూడు వారాలు కూడా పడుతుంది. మీకు మూడో రోజే లేచింది. అంటే మీ ఒంటికి ఈ జాతితో పాత పరిచయం ఉండొచ్చు. ఇంతకుముందు అమెరికా వెళ్లారా? లేకపోతే మామిడి సొన పడదా? పాయిజన్ ఐవీ, సుమాక్, మామిడి, జీడిమామిడి, నల్లజీడి అన్నీ ఒకే కుటుంబం. చిన్నరసం ముచ్చిక కొరికి నోట్లో పెట్టుకున్న పిల్లలకు మూతి చుట్టూ పుండ్లు లేచేది ఇలాంటి పదార్థాల వల్లే. పలాసలో జీడిగింజలు ఒలిచేవాళ్ల వేళ్లు నల్లబడేది తొక్కలోని నూనెతో. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మన దేశంలో ఉన్న అమెరికా సైనికులకు ఉన్నట్టుండి మెడ మీద దద్దులు లేచాయి. కారణం వెతికితే, చాకలి చొక్కా మీద నల్లజీడి రసంతో పెట్టిన గుర్తు అని తేలింది. మోకాళ్ల నొప్పికి నల్లజీడి అంటించుకుని, కాలిన పుండుతో వచ్చేవాళ్లను నేను ఇప్పటికీ చూస్తున్నాను.

మీ చెట్టు. నిటారుగా నిలబడిన ఎర్రటి కంకులు, అంచున రంపపు పళ్లున్న ఆకులు, నూగు పట్టిన కొమ్మలు. ఫొటోను బట్టి అది స్టాగ్‌హార్న్ సుమాక్ లాగే ఉంది. దాని వల్ల ఇలాంటి పొక్కులు రావు, ఆ కంకులు నీళ్లలో నానబెట్టి పుల్లటి షర్బత్ కూడా చేసుకుంటారు. (మీరు చేసుకోకండి. మామిడి, జీడిపప్పు పడనివాళ్లకు అదీ పడకపోవచ్చు.) పాయిజన్ సుమాక్ అనేది వేరు. అది బురద నేలల్లో పెరుగుతుంది, ఆకుల అంచులు నున్నగా ఉంటాయి, తెల్లటి కాయలు కిందికి వేలాడతాయి. కొట్టేయాల్సిన పనేమీ లేదు. చూడాల్సింది కంచె మీద మిగిలిన తీగను. మారేడు దళంలా మూడేసి ఆకులు, నడిమి ఆకు కాడ కాస్త పొడుగు. ముదిరితే వెంట్రుకల తాడులా చెట్టును కరుచుకుంటుంది. దాన్ని తీయడానికి మనిషిని పెట్టుకోండి, మీరు మళ్లీ చెయ్యి పెట్టకండి.

పాపకు మీ పొక్కుల నుంచి అంటదు. పొక్కుల్లోని నీళ్లలో ఆ జిడ్డు ఉండదు. ఎత్తుకోండి. అంటేది మీ గ్లౌజులు, కత్తెర, ఆ రోజు వేసుకున్న చెప్పులు, ప్యాంటు నుంచి. వాటి మీద జిడ్డు నెలల తరబడి నిలుస్తుంది. ప్యాంటు విడిగా ఉతికించండి, కత్తెర గిన్నెల సబ్బుతో కడిగించండి, గ్లౌజులు పారేయండి. కడిగేవాళ్లు కొత్త గ్లౌజులు వేసుకోవాలి. ఇంట్లో కుక్క ఉండి ఆ కంచె వైపు తిరిగితే దానికీ స్నానం చేయించాలి.

ఇదంతా మెయిల్ చూసి చెప్పింది. మిమ్మల్ని చూసిన డాక్టర్ మాటే ఖాయం. చూపించుకున్నాక ఆ మాత్రల పేరు, షుగర్ రీడింగులు రాయండి. చేతిది పగటి వెలుతురులో మళ్లీ ఫొటో తీసి పంపండి. చెట్టుది అక్కర్లేదు.