వాల్టర్ టల్ మొట్టమొదటి నల్లజాతి సైనికాధికారేనా?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో మరణించిన ఫుట్‌బాల్ క్రీడాకారుడు వాల్టర్ టల్ బ్రిటిష్ సైన్యంలో మొట్టమొదటి నల్లజాతి అధికారి అని చదివాను. అది నిజమేనా? ఆయన జీవిత విశేషాలు తెలియజేయగలరు.
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఆ మాట చాలాచోట్ల కనిపిస్తున్నా, దానిని సవరించుకోవడమే న్యాయం. జమైకాలో పుట్టిన జార్జ్ బెమాండ్ 1915లోనే బ్రిటిష్ ఫిరంగి దళంలో అధికారి అయ్యారు. ఫుట్‌బాల్‌లోనూ టల్ కన్నా ముందు ఆర్థర్ వార్టన్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నారు. అయితే ‘మొదటివాడు’ అన్న విశేషణం లేకపోయినా టల్ ఘనతకు లోటేమీ లేదని నా అభిప్రాయం.

ఆయన 1888 ఏప్రిల్ 28న ఇంగ్లండులోని ఫోక్‌స్టన్‌లో జన్మించారు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన వడ్రంగి. తాత బానిసగా బతికినవాడు. తల్లి కెంట్ ప్రాంతపు ఆంగ్ల మహిళ. 1895లో తల్లి, 1897లో తండ్రి మరణించడంతో వాల్టర్‌నూ అన్న ఎడ్వర్డ్‌నూ లండన్‌లోని మెథడిస్టు అనాథాశ్రమంలో చేర్చారు. ఎడ్వర్డ్‌ను గ్లాస్గోకు చెందిన ఒక కుటుంబం దత్తత తీసుకోగా, వాల్టర్ ఆశ్రమంలోనే ఉండి ముద్రణ పని నేర్చుకున్నారు.

క్లాప్టన్ జట్టులో ప్రతిభ చూపిన ఆయనను 1909లో టోటెన్‌హామ్ హాట్‌స్పర్ క్లబ్బు తీసుకుంది. ఆ ఏడాదే బ్రిస్టల్‌లో జరిగిన ఆటలో ప్రేక్షకులలో కొందరు ఆయన వర్ణాన్ని పట్టుకుని నీచంగా దూషించారు. ఆ దూషణను ఖండించిన ఒక పత్రికా విలేఖరి, మైదానంలో అందరికన్నా నిబ్బరంగా, నిజాయితీగా ఆడినది టల్ అని రాశారు. అయినా కొద్దికాలానికే ఆయన రిజర్వు జట్టుకు పరిమితమయ్యారు. ఇంతటి ఆటగాడికి అక్కడ మొదటి డివిజన్‌లో పది ఆటలే దక్కడం బాధాకరం. 1911లో నార్తాంప్టన్ టౌన్ క్లబ్బు మేనేజరు హెర్బర్ట్ చాప్‌మన్ ఆయనను తమ జట్టుకు పిలిపించుకున్నారు. అక్కడ ఆయన వందకు పైగా ఆటలు ఆడారు.

1914 డిసెంబరులో, ఫుట్‌బాల్ క్రీడాకారులతో ఏర్పడిన మిడిల్‌సెక్స్ రెజిమెంటు 17వ బెటాలియన్‌లో చేరిన టల్, 1916లో సోమ్ యుద్ధంలో పోరాడారు. శ్వేతజాతీయులు కానివారు అధికార హోదా పొందడానికి సైనిక నిబంధనలు అడ్డుగా ఉన్న రోజుల్లో, 1917 మే నెలలో ఆయనకు సెకండ్ లెఫ్టినెంట్ హోదా లభించింది. ఆపై ఇటలీలో పియావే నదిని దాటి శత్రు స్థావరాలపై జరిపిన దాడిలో 26 మందికి నాయకత్వం వహించి, ఒక్కరినీ కోల్పోకుండా వెనక్కి తీసుకువచ్చినందుకు ఉన్నతాధికారి ప్రశంస పొందారు. తెల్లవారైన ఆ సైనికులు ఆయన ఆజ్ఞను నమ్మి చీకట్లో నది దాటారన్నది నా దృష్టిలో ‘మొదటివాడు’ అనే బిరుదు కన్నా విలువైనది.

1918 మార్చి 25న, జర్మన్ సేనల భారీ దాడి సాగుతుండగా, ఉత్తర ఫ్రాన్స్‌లోని ఫావ్రోయ్ వద్ద టల్ నేలకొరిగారు. ఆయన మనుషులు కాల్పుల మధ్యనే ఆయనను వెనక్కి తేవాలని ప్రయత్నించారు గాని, సాధ్యం కాలేదు. భౌతికకాయం నేటికీ దొరకలేదు. సమాధి లేని సుమారు 35,000 మంది సైనికుల పేర్లతో పాటు ఆయన పేరు కూడా అరాస్ స్మారక చిహ్నం గోడపై చెక్కి ఉంది.