ప్రశ్న – జవాబు: సంచీ భుజానికెత్తకముందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే దారి గురించినవి కావడంతో వాటిని ఒకచోట చేర్చాము. కాలిఫోర్నియాలో యోసెమిటీ లోయలోని హ్యాపీ ఐల్స్ దగ్గర మొదలై, సియెర్రా నెవాడా పర్వతాల వెంట దక్షిణంగా సాగి, 4,421 మీటర్ల ఎత్తున్న విట్నీ శిఖరం మీద ముగిసే జాన్ మ్యూర్ ట్రెయిల్ పొడవు సుమారు 340 కిలోమీటర్లు. శిఖరం నుంచి వాహనాలు అందే చోటికి దిగడానికి మరో 17 కిలోమీటర్ల దాకా నడవాలి. యోసెమిటీ నుంచి బయలుదేరేవారు అనుమతి కోసం 24 వారాల ముందే లాటరీలో దరఖాస్తు చేసుకోవాలి. ఉత్తరాలు రాసిన వారంతా ఆ అనుమతి సంపాదించిన తరువాత వచ్చిన సందేహాలనే అడిగారు కాబట్టి జవాబులు కూడా అక్కడి నుంచే మొదలవుతున్నాయి.

ప్రశ్న: నేను, మా వారు జూలై చివర బయలుదేరి మూడు వారాల్లో ఈ దారి పూర్తి చేయాలనుకుంటున్నాము. ఇద్దరమూ శాకాహారులం. దుకాణాల్లో దొరికే పొడి భోజనం ప్యాకెట్లు రెండు రుచి చూశాము గాని, మూడు వారాలు వాటితో గడపడం మా వల్ల కాదని తేలిపోయింది. మన పప్పు, అన్నం అక్కడ వండుకోవడం సాధ్యమేనా? ఇంటి నుంచి ఏమేమి సిద్ధం చేసుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఫ్రీమాంట్

జవాబు: అక్కడ వండుకోవడం కుదరదు, ఇక్కడ వండి, ఎండబెట్టి తీసుకువెళ్లడం కుదురుతుంది. మీరు విడిది చేసే చోట్లు చాలావరకు మూడు వేల మీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి తక్కువ కావడం వల్ల నీరు 90 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరుగుతుంది. కుక్కర్ లేకుండా ఆ వేడిలో కందిపప్పు ఉడకాలంటే గ్యాస్ డబ్బా ఖాళీ కావడమే గాని పలుకు మెత్తబడదు. అందుచేత కందిపప్పును ఇంట్లోనే కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, ఉప్పు, పసుపు, టమాటా, కావాలంటే పాలకూర చేర్చి, బాగా మెదిపి, డీహైడ్రేటర్ (ఆహారాన్ని ఎండబెట్టే యంత్రం) పళ్లెంలో పలుచగా పరిచి, 57 డిగ్రీల దగ్గర ఒక రాత్రంతా ఉంచండి. తెల్లవారేసరికి అది చేతితో విరిస్తే పెళుసుగా విరిగే పెచ్చులుగా మారుతుంది. మధ్యలో ఎక్కడైనా తోలులా వంగుతుంటే ఇంకా తడి ఉన్నట్టే లెక్క; ఆ ముక్కలను మళ్లీ పళ్లెంలోకి వేయాలి. అన్నాన్ని కూడా పొడిపొడిగా వండి ఇలాగే ఎండబెట్టవచ్చు. వండిన అన్నంలో మూడింట రెండు వంతులు నీరే కాబట్టి కిలో అన్నం ఎండితే సుమారు 350 గ్రాములకు దిగుతుంది.

ఈ పనిలో మనవాళ్లు తరచుగా చేసే పొరపాటు పోపు. నూనె ఎండదు, నిలవ ఉన్నకొద్దీ ముక్కిపోయిన వాసన వేస్తుంది. పోపు పెట్టిన పప్పును ఎండబెడితే నెలలోపే ఆ వాసన మొదలవుతుంది. ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు నూనె లేకుండా వేయించి కచ్చాపచ్చాగా దంచి విడిగా పొట్లం కట్టండి, నెయ్యి వేరే సీసాలో పట్టుకెళ్లండి. ఆ చలికి నెయ్యి గడ్డకడుతుంది కాబట్టి చెంచా దూరేంత వెడల్పు మూతి ఉన్న సీసా తీసుకోండి. అదే నువ్వుల నూనె అయితే పోసుకోవడానికి వీలుగా ఉంటుంది. రాత్రి విడిదికి చేరడానికి గంట ముందే పెచ్చులను మూత గట్టిగా ఉన్న డబ్బాలో చల్లని నీటిలో నానేస్తే, చేరాక ఒక పొంగు రానిచ్చి, గిన్నెను ఉన్ని టోపీలో చుట్టి పావుగంట ఉంచితే చాలు, పప్పు మళ్లీ పప్పవుతుంది. ఫ్రీమాంట్ ఎండలో మేడ మీద వడియాలు పెట్టినట్టు దీన్ని ఎండబెట్టవచ్చా అనే ఆలోచన మీకు వచ్చే ఉంటుంది. వంకాయ, మామిడి ఒరుగులకు ఆ పద్ధతి సరిపోతుంది గాని, ఉడికిన పప్పు ఆరేలోపు పులిసే ప్రమాదం ఉంది. దానికి యంత్రమే మేలు.

ఇక అసలు చిక్కు బరువు కన్నా జాగాతో వస్తుంది. ఎలుగుబంట్ల కారణంగా యోసెమిటీలోనూ, దారిలోని మరికొన్ని ప్రాంతాలలోనూ ఆహారమంతా గట్టి ప్లాస్టిక్ పీపాలో, అంటే బేర్ కేనిస్టర్‌లో పెట్టడం తప్పనిసరి. ఎక్కువమంది వాడే పెద్ద పీపా 11.5 లీటర్లది, ఖాళీగానే 1.2 కిలోలు తూగుతుంది. భోజనమే కాదు, టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, తలనొప్పి మలాము, వాసన వచ్చేదేదైనా రాత్రికి అందులోకే వెళ్లాలి. మనిషికి రోజుకు 700 గ్రాముల చొప్పున లెక్కవేస్తే, జాగ్రత్తగా కుక్కితే వారం రోజుల తిండి అందులో పడుతుంది. కాబట్టి పిండివంటలను రుచిని బట్టి కాక ఎంత కుదించవచ్చో చూసి ఎంచుకోవాలి. సున్నుండలు, నువ్వులుండలు, పల్లీ చిక్కీ, మామిడి తాండ్ర అన్నీ గట్టిగా సర్దుకుంటాయి, శక్తీ ఎక్కువ. కొవ్వు గ్రాముకు 9 కెలొరీలు ఇస్తే పిండిపదార్థాలు, మాంసకృత్తులు 4 మాత్రమే ఇస్తాయి కాబట్టి, వేరుశనగ, నువ్వులు, ఎండుకొబ్బరి, నెయ్యి ఉన్న పదార్థమే ఇక్కడ లాభం. మరమరాలు, జంతికలు పీపా నింపేస్తాయి గాని కడుపు నింపవు. పూతరేకుల మీద ఎంత మమకారమున్నా వాటిని విట్నీ దిగిన తరువాతకు దాచుకోండి. ఆవకాయ గురించి ఎవరో ఒకరు తప్పక అడుగుతారు: పీపాలో పెట్టండి, రెండు పొరల మూత పెట్టండి, ఒక్క చుక్క నూనె స్లీపింగ్ బ్యాగుకు అంటితే ఇక మూడు వారాలు ఎలుగుబంటికి మీరే చిరునామా ఇచ్చినట్టు.

ఇద్దరికి 21 రోజులకు దాదాపు 30 కిలోల ఆహారం కావాలి, అదంతా ఒకేసారి మోయడం ఎవరివల్లా కాదు. టువాలమీ మెడోస్, రెడ్స్ మెడో, మ్యూర్ ట్రెయిల్ రాంచ్ అనే చోట్లకు ముందుగానే పార్శిళ్లు పంపుకొని అక్కడ అందుకోవచ్చు. ఆ ఏడాది ఏది ఎప్పుడు తెరుస్తారో, రుసుము ఎంతో టికెట్లు కొనకముందే కనుక్కోండి. దారికి ఇంచుమించు సగంలో ఉండే మ్యూర్ ట్రెయిల్ రాంచ్‌కు అట్టపెట్టె కాక మూత ఉన్న అయిదు గ్యాలన్ల ప్లాస్టిక్ బకెట్ పంపాలి, ఎందుకంటే అక్కడ ఎలుకల బెడద. బకెట్ చేరడానికి కొన్ని వారాలు పడుతుంది కనుక బయలుదేరడానికి నెల ముందే పోస్టులో వేయండి. గ్యాస్ డబ్బాలు మాత్రం అందులో పెట్టకండి; ఎక్కడ కొనవచ్చో ఫోనులోనే అడగండి.

రాంచ్ దాటిన తరువాత మిగిలిన సగం దారిలో నేరుగా దారి మీదనే సరుకు అందే చోటు లేదు. మీ లెక్క ప్రకారం ఆ భాగానికి పది రోజులు పడితే, ఒక్కొక్కరి పీపాలో ఏడు రోజులదే పడుతుంది. అప్పుడు రెండే దారులు: రోజుకు నడిచే దూరం పెంచి ఎనిమిది రోజుల్లో ముగించడం, లేదా మధ్యలో కియర్‌సార్జ్ కనుమ మీదుగా ఆనియన్ వ్యాలీకి దిగి, ఇండిపెండెన్స్ ఊళ్లో సరుకు తీసుకొని మళ్లీ ఎక్కడం. అదనంగా రోజున్నర పట్టినా రెండో దారే మీ ఇద్దరికీ తగినదని నా అభిప్రాయం. ఆకలితో ఆ తరువాత వచ్చే ఫారెస్టర్ కనుమ ఎక్కడం కన్నా అది నయం. ఏది ఎంచుకున్నా, జూన్‌లో ఒక ఆదివారం వంటింటి నేల మీద ఆ ఆఖరి భాగపు తిండినంతా పరిచి, పీపాలో సర్ది, మూత పడుతుందో లేదో చూడండి. మొదటి రోజు చీకటిపడేలోగా తినేసే భోజనం ఒక్కటే బయట ఉండవచ్చు. పడకపోతే ఏది తీసేయాలో ఇంట్లో నిర్ణయించుకోవడం తేలిక. అలాగే, ఎండబెట్టిన ప్రతి వంటకాన్నీ ముందుగా ఒకసారి ఇంట్లో ఆ చిన్న స్టవ్ మీదనే నానబెట్టి తిని చూడండి. సాధారణంగా ఉప్పు సరిపోదు.

ప్రశ్న: మా ఊళ్లో కొండ అన్నది లేదు. వయసు 44, రోజంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. ఆగస్టులో స్నేహితులతో ఈ దారిలో వెళ్లాలి. చదునైన నేల మీద సాధన చేసి ఆ ఎత్తులు ఎక్కగలనా? సంచీ బరువు ఎంతవరకు ఉండవచ్చు?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: కాళ్లను సిద్ధం చేసుకోగలరు, ఎత్తుకు మాత్రం అక్కడికి వెళ్లాకే అలవాటుపడాలి. కాళ్ల కోసం ఆఫీసు మెట్లు, స్టేడియం మెట్లు, ట్రెడ్‌మిల్ వాలు చాలు. వారానికి మూడు రోజులు సంచీతో ఎక్కండి, అయితే అందులో బియ్యం సంచుల బదులు నీళ్ల సీసాలు పెట్టుకోండి. మొదటి నెలలో పైకి చేరాక నీరు పారబోసి తేలికగా దిగితే మోకాళ్లు దెబ్బతినవు. రెండో నెల నుంచి మాత్రం బరువుతోనే దిగాలి, ఎందుకంటే ఈ దారిలో మోకాళ్లను ఏడిపించేది ఎక్కుడు కన్నా దిగుడు. కనుమ ఎక్కిన ప్రతిసారీ వెయ్యి మీటర్ల దాకా దిగాల్సి రావచ్చు. బరువు అయిదు కిలోలతో మొదలుపెట్టి వారానికి కిలో చొప్పున పెంచండి, చివరి నాలుగు వారాల్లో ఒకసారైనా వరుసగా రెండు రోజులు పూర్తి బరువుతో నడవండి. రెండో రోజు ఉదయం లేవగానే శరీరం చెప్పే మాట ముఖ్యం.

సంచీ మొత్తం మీ ఒంటి బరువులో అయిదో వంతు మించకుండా చూడండి. గుడారం, పడక, బట్టలు, పీపా కలిపి, తిండీ నీళ్లూ కాకుండా, తొమ్మిది కిలోలలోపు ఉంటే బాగుంటుంది. వంటింటి కాటా మీద ఒక్కొక్క వస్తువునూ తూచి కాగితం మీద రాస్తే, ‘అవసరపడొచ్చు’ అని పెట్టుకున్నవన్నీ ఎంత బరువో కళ్లకు కడుతుంది. రెండో జీన్స్ ప్యాంటు అన్నిటికన్నా ముందు బయటకు వెళ్లాలి. సంచీ కొలత మీ ఎత్తును బట్టి ఉండదు: తల వంచినప్పుడు మెడ అడుగున పొడుచుకొచ్చే ఎముక నుంచి నడుము ఎముకల పై అంచు దాకా ఉన్న పొడవును బట్టి ఉంటుంది. బరువులో ఎక్కువ భాగం నడుము పట్టీ మీద పడాలి. అద్దం ముందు నిలబడి చూస్తే ఆ పట్టీ బొడ్డు మీద కాక తుంటి ఎముకల మీద ఉండాలి. బూట్లు అర సైజు పెద్దవి తీసుకోండి, రోజంతా నడిస్తే పాదాలు ఉబ్బుతాయి.

ఎత్తు విషయం: డల్లాస్ విమానం దిగిన మర్నాడే నడక మొదలుపెట్టకండి. సుమారు 2,600 మీటర్ల ఎత్తులో ఉన్న టువాలమీ మెడోస్ పరిసరాల్లో రెండు రాత్రులు పడుకుని, ఆ తరువాత బయలుదేరేలా తేదీలు సర్దుకోండి. తలనొప్పి, వికారం, ఆకలి మందగించడం కనిపిస్తే ఆగాలి, తగ్గకపోతే కిందికి దిగాలి. ఎత్తు జబ్బుకు ముందుగా వేసుకునే మాత్రలు ఉన్నాయి గాని, అవి మీకు సరిపడతాయో లేదో మీ వైద్యుడే చెప్పాలి. ఆయనతో మాట్లాడి, ఇంట్లో ఉండగానే ఒకటి వేసుకుని చూడండి. మరొక చిన్న సంగతి: బోలు తంతువులతో చేసిన నీటి ఫిల్టర్ ఒకసారి గడ్డకడితే పైకి బాగానే కనిపిస్తుంది గాని పనికిరాదు, కాబట్టి రాత్రిపూట దాన్ని స్లీపింగ్ బ్యాగులో మీతోనే పడుకోబెట్టుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో ఈ నడకకు వెళ్తున్నారు. దారిలో ఫోన్లు పనిచేయవని అంటున్నారు. గుంటూరులో కూర్చుని మూడు వారాలు ఎలా ఉండాలో మాకు తెలియడం లేదు. మా వంతుగా చేయగలిగినది ఏమైనా ఉందా?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: ఉంది, అయితే అది వాళ్లు బయలుదేరకముందే చేయవలసిన పని. సుమారు వంద గ్రాముల బరువుండే ఉపగ్రహ సందేశ పరికరాలు ఉన్నాయి. అవి ఉన్న చోటును, చిన్న సందేశాలను పంపుతాయి. ఒకటి తీసుకువెళ్లమని అమ్మాయికి చెప్పండి, వాటికి చందా కూడా కట్టాలి. అక్కడ రాత్రి ఏడు గంటలకు విడిదికి చేరి ‘క్షేమం’ అని పంపితే, వేసవిలో తేడా పన్నెండున్నర గంటలు కాబట్టి మీకు మర్నాడు ఉదయం ఏడున్నరకు అందుతుంది. అయితే దట్టమైన చెట్ల కిందా, ఇరుకైన లోయల్లోనూ సందేశం గంటల తరబడి ఆలస్యం కావచ్చు. కాబట్టి ఒక రాత్రి మౌనం ప్రమాదానికి గుర్తు కాదని ఇంట్లో అందరికీ ముందే చెప్పి ఉంచండి, మీ శ్రీమతిగారికి ముఖ్యంగా.

ఎన్ని గంటలు కబురు లేకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో రాతపూర్వకంగా నిర్ణయించుకోండి. 48 గంటలు అన్నది నాకు సబబుగా తోస్తుంది. ఫోన్ చేయవలసినది గుంటూరు నుంచి మీరు కాదు, అమెరికాలోనే ఉన్న ఒక స్నేహితుడో బంధువో కావాలి. ఆ మనిషి దగ్గర రోజువారీ మజిలీల జాబితా, అనుమతి పత్రం నకలు, గుడారం, సంచీ రంగులు, బూటు అడుగుభాగం ఫోటో, ఇద్దరి మందుల వివరాలు ఉండాలి. కాలిఫోర్నియాలో తప్పిపోయినవారిని వెతికే బాధ్యత కౌంటీ షెరిఫ్‌ది (మన జిల్లా పోలీసు అధికారి లాంటివారు), జాతీయ పార్కుల లోపల రేంజర్లది; ఈ దారి రెండు రకాల ప్రాంతాల గుండానూ పోతుంది కాబట్టి ఏ రోజు ఎవరి పరిధిలో ఉంటారో, ఆ నంబరు ఏదో జాబితాలోనే పక్కన రాయించండి.

తిరుగు ప్రయాణం టికెట్‌కు, నడక ముగిసే తేదీకి మధ్య కనీసం రెండు రోజులు వదలమనండి. మధ్యాహ్నపు ఉరుములు, మెరుపులు ఒక్కోసారి కనుమ కింద ఒక రోజంతా ఆపేస్తాయి. ఈలోగా ‘ఎక్కడున్నారు, తిన్నారా’ అని మీరు పంపే ప్రతి సందేశానికీ వారి చందా లెక్కలో కొంత, బ్యాటరీలో కొంత ఖర్చవుతుంది కాబట్టి, ఉదయం వచ్చిన కబురుకు ఒక్క జవాబు ఇచ్చి ఊరుకోండి.