రిమోట్ తాళం బండి కొన్న స్వాతికి

చి. స్వాతికి,

ఆశీస్సులు. పుష్ బటన్ స్టార్ట్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారు కొన్నామని, అమ్మినాయన ఒక్క తాళం చెవే ఇచ్చాడని రాశావు. రెండోది ఎక్కడో పోయిందన్నాడట. "ఒక్కటి సరిపోదా బాబాయ్?" అని అడిగావు. సరిపోదమ్మా. సీటు కవర్లూ మ్యాట్లూ తర్వాత చూసుకోవచ్చు, ముందు ఈ పని చేయించు.

పోయిన తాళం ఎవరి చేతిలో ఉందో మనకు తెలీదు. బండి మాత్రం దాన్ని ఇంకా తనదనే గుర్తుపడుతుంది. అందుకని కొత్తది కొన్నంత మాత్రాన పని కాదు. ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్ళి, "పాత తాళాలన్నీ తీసేసి ఈ రెండే మళ్ళీ రిజిస్టర్ చేయండి" అని విడమరిచి చెప్పు. ఆర్‌సీ, గుర్తింపు కార్డు, ఇప్పుడున్న తాళం వెంట తీసుకెళ్ళు. పనయ్యాక ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో వాళ్ళు బండికి తగిలించే స్కానర్ తెర మీద చూపించమను. చాలా బళ్ళకు ఆ లెక్క కనిపిస్తుంది, రెండు అనే ఉండాలి. బయట షాపుల్లో తక్కువకు చేసేవాళ్ళు చాలాసార్లు పాతవాటిని తీయకుండా కొత్తది మాత్రం కలిపి ఇచ్చేస్తారు. అలా చేస్తే డబ్బు ఖర్చవుతుంది, భయం అలాగే ఉంటుంది. ఇంకో సంగతి. పాత రిమోట్‌ని బండి కంప్యూటర్‌లోంచి తీసేసినా, దాని లోపల దాగి ఉండే ఇనుప చెవి మీ డోర్ తెరుస్తూనే ఉంటుంది. బండి స్టార్ట్ కాదంతే. కాబట్టి లోపల కాగితాలూ డబ్బూ వదలొద్దు.

బీమా కోణం కూడా ఉంది. బండి పోతే క్లెయిముకు కంపెనీవాళ్ళు రెండు తాళాలూ చూపించమంటారు. ఒకటి లేకపోతే ఎప్పుడు పోయింది, ఎందుకు చెప్పలేదు అని ప్రశ్నలు మొదలవుతాయి. సర్వీస్ సెంటర్ ఇచ్చే బిల్లులో పాత తాళాలు రద్దు చేసినట్టు రాయించుకుని పాలసీ కాగితంతో కలిపి దాచు.

ఇక రోజూ తాళం వేసే పద్ధతి. బటన్ నొక్కి వెనక్కి చూడకుండా నడిచిపోవడం అందరికీ అలవాటైపోయింది, నాకు అన్నిటికంటే బెంగ దాని మీదే. మన దగ్గర చాలా బళ్ళ రిమోట్లు 433 మెగాహెర్ట్‌జ్ రేడియో తరంగం దగ్గర పనిచేస్తాయి. గేటు రిమోట్లు, ఇంకా బోలెడు వస్తువులు అక్కడే ఉంటాయి. పక్కన ఎవరైనా అదే చోట బలమైన సిగ్నల్ వదిలితే నీ రిమోట్ మాట బండికి వినపడదు. దొంగలు జామర్‌తో చేసేది ఇదే: నువ్వు నొక్కుతావు, బండికి తాళం పడదు, నువ్వు మాల్‌లోకి వెళ్ళిపోతావు. తాళం పగలగొట్టిన గుర్తు కూడా ఉండదు. నొక్కాక అక్కడే నిలబడు. నాలుగు డోర్లలోనూ మోటార్లు టక్కున పడ్డ చప్పుడు వినాలి, ఇండికేటర్లు వెలగాలి, ఆపైన హ్యాండిల్ లాగి చూడాలి.

హ్యాండిల్ దగ్గర మీలాంటి బళ్ళకు ఒక తిరకాసు ఉంది. హ్యాండిల్ మీద చిన్న నల్ల బటన్ ఉన్న రకమైతే, ఆ బటన్ తాకకుండా లాగితే సరిపోతుంది. చెయ్యి పెట్టగానే తెరుచుకునే సెన్సర్ రకమైతే, తాళం నీ బ్యాగులో ఉన్నంతసేపూ లాగిన ప్రతిసారీ తెరుచుకుంటుంది. తాళం పడలేదేమోనని నువ్వు కంగారు పడతావు. అప్పుడు తాళాన్ని మీ ఆయన చేతికిచ్చి నాలుగైదు మీటర్లు దూరంగా నిలబడమని, నువ్వు లాగు. ఒక్కదానివే ఉంటే అద్దంలోంచి డోర్ లోపలి లాక్ పిన్ చూడు. అద్దాలు వాటంతటవే ముడుచుకునే బండైతే అవి ముడుచుకున్నాయో లేదో చూసినా తెలుస్తుంది.

దూరం నుంచి అన్‌లాక్ నొక్కి డోర్ తీయకుండా వదిలేస్తే, చాలా బళ్ళు సుమారు అర నిమిషంలో తమంతట తామే మళ్ళీ తాళం వేసుకుంటాయి. జేబులో పొరపాటున నొక్కుకుపోతే ఇదే కాపాడుతుంది.  తాళం ఎప్పుడూ చేతిలోనో ఒంటి మీదో ఉండాలి. డిక్కీలో సామాన్లు పెట్టేటప్పుడు తాళాన్ని సంచుల మధ్య అస్సలు పెట్టకు.

పిల్లలున్న ఇల్లు కనుక ఇంకో మాట గట్టిగా చెబుతున్నాను. మన ఎండల్లో మూసిన కారు లోపల పది నిమిషాల్లోనే వేడి పది డిగ్రీల దాకా పెరుగుతుంది. తాళం తీసి ఉన్న బండిలోకి ఆటకని దూరిన పిల్లలకు, వెనక డోర్లకు చైల్డ్ లాక్ వేసి ఉంటే లోపలి హ్యాండిల్ పనిచేయదు. ఇంట్లో ఉన్నా, సెల్లార్‌లో ఉన్నా బండికి తాళం వేసే ఉంచు. ముందు సీట్లోకి దూకి డోర్ ఎలా తీయాలో, హారన్ ఎలా మోగించాలో ఇద్దరికీ చేయించి చూపించు.

సెల్ మార్చడం నువ్వే చేసుకోవచ్చు. రిమోట్ దూరం తగ్గినా, రెండుసార్లు నొక్కితేగానీ పలకకపోయినా, మీటర్ దగ్గర తాళం గుర్తు వెలిగినా సెల్ అయిపోతున్నట్టే. ముందుగా రిమోట్ పక్కనున్న చిన్న మీట నొక్కి ఇనుప చెవి బయటికి లాగు. ఆ ఖాళీలో చిన్న సందు కనిపిస్తుంది. సన్నని స్క్రూ డ్రైవర్ మొనకు గుడ్డ చుట్టి అందులో పెట్టి మెల్లగా తిప్పు, పెంకు రెండుగా విడిపోతుంది. గుడ్డ లేకపోతే అంచు చెక్కుకుపోతుంది. పాత సెల్ మీద రాసిన నంబరు చూసి అదే తెచ్చుకో. సీఆర్2032 అంటే 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మందం. 2025 వెడల్పు అంతే, మందం 2.5. పల్చటిది పెడితే పట్టు వదులై, రిమోట్ కింద పడ్డప్పుడల్లా పనిచేయడం మానేస్తుంది. కొత్తదాన్ని అంచులు పట్టుకుని పెట్టు, చదునైన ముఖాలకు వేళ్ళ జిడ్డు అంటకూడదు. ప్లస్ గుర్తు పాతదానికి ఎటు ఉందో అటే ఉండాలి. మల్టీమీటర్ ఉంటే కొత్త సెల్ 3 వోల్ట్‌ల పైన చూపించాలి. రబ్బరు బటన్ల పొర జారకుండా పెంకు కలిపి, చుట్టూ టక్‌మనేదాకా నొక్కు. తీసేసిన సెల్ బల్ల మీద వదలకు. పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది, అలాంటి అనుమానం వస్తే నిమిషం ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

దారిలో సెల్ పూర్తిగా చచ్చిపోతే ఇనుప చెవితో డ్రైవర్ డోర్ తెరువు. కొన్ని బళ్ళలో తాళం రంధ్రం హ్యాండిల్ చివరి ప్లాస్టిక్ మూత వెనక ఉంటుంది, అది ఎక్కడుందో ఇప్పుడే వెతికి పెట్టుకో. అలా తెరిస్తే అలారం మోగొచ్చు, భయపడకు. బ్రేక్ తొక్కి, రిమోట్‌నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కు. లోపలి చిప్‌కు సెల్ అక్కర్లేదు, బటన్ దగ్గరి తీగచుట్టే దానికి కరెంటు ఇస్తుంది. చాలా కంపెనీల బళ్ళు ఇలాగే స్టార్ట్ అవుతాయి, మీ మాన్యువల్‌లో ఒకసారి చూసుకో.

మీ ఫ్లాట్ గ్రౌండ్ ఫ్లోర్‌లో, బండి గోడ పక్కనే అన్నావు కదా, తాళాన్ని వీధివైపు తలుపు దగ్గర మేకుకు తగిలించొద్దు. బండి మీటరో మీటరున్నరో దూరంలో తాళాన్ని పిలుస్తుంది, తాళం బదులిస్తుంది. ఒకడు ఇంటి దగ్గర, ఒకడు బండి దగ్గర పెట్టెలు పట్టుకుని ఆ పిలుపును మోసుకెళితే తాళం పక్కనే ఉందని బండి నమ్ముతుంది. 2011లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు పది మోడళ్ళ మీద ఇది చేసి చూపించారు. సిగ్నల్ ఆపే పౌచ్ ఒకటి కొను. కొన్న రోజే తాళం అందులో వేసి, మూసి, బండి పక్కన నిలబడి హ్యాండిల్ బటన్ నొక్కు. తెరుచుకుంటే ఆ పౌచ్ పనికిరాదు, తిరిగి ఇచ్చెయ్. వాడగా వాడగా మడతల దగ్గర లోపలి పొర చిరుగుతుంది కాబట్టి అప్పుడప్పుడు ఇదే పరీక్ష చెయ్యి. కొన్ని టయోటా బళ్ళలో లాక్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే తాళం నిద్రపోతుంది, అలాంటి సదుపాయం మీ దాంట్లోనూ ఉందేమో అడుగు. డాష్‌బోర్డు కింద మెకానిక్‌లు స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టుకు పరికరం తగిలించి కొత్త తాళం నమోదు చేసుకునే దొంగలకు పౌచ్ అడ్డు రాదు. రాత్రిపూట స్టీరింగ్ లాక్ వెయ్యి. పాతకాలపు వస్తువే అయినా దాన్ని రేడియోతో తెరవలేరు.

పాత బండి కాబట్టి డోర్ లాకులు మొరాయించే రోజు వస్తుంది. ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్ళేముందు నువ్వే చెవి పెట్టి విను. ఒక డోర్‌లో మోటార్ చప్పుడు వస్తూ పిన్ కదలకపోతే లోపలి పళ్ళచక్రమో కడ్డీయో పోయింది. చప్పుడే లేకపోతే డోర్‌కీ బాడీకీ మధ్య రబ్బరు గొట్టంలో వైరు తెగి ఉండొచ్చు, ఎక్కువగా డ్రైవర్ డోర్‌దే తెగుతుంది. నాలుగూ మౌనంగా ఉంటే ముందు ఫ్యూజు చూడమను. తాళం పడి వెంటనే తెరుచుకుంటే ఏదో డోర్ గానీ డిక్కీ గానీ సరిగ్గా మూసుకోలేదు. అన్నీ మూసి ఉన్నా అలాగే చేస్తే డోర్ స్విచ్చిది తప్పు. ఇది చెప్పకుండా వదిలేస్తే లాకులను నడిపే మొత్తం మాడ్యూల్ మార్చాలంటారు, దానికి ఒప్పుకోకు.

పిల్లలకు ముద్దులు.

మీ బాబాయి