పాత స్విఫ్ట్ సస్పెన్షన్: ఖర్చు ఎక్కడ తగ్గించుకోవచ్చు?

2009 స్విఫ్ట్‌కి గతుకుల్లో ముందువైపు టకటక శబ్దం వస్తోందని, షాపులో సస్పెన్షన్ మొత్తం మార్చమన్నారని అడిగారు. తొందరపడకండి. చిన్న గతుకులకే శబ్దం వస్తుంటే ముందు లింక్ రాడ్లు, స్టెబిలైజర్ బుష్‌లు (మలుపుల్లో బండి ఎక్కువ ఒరగకుండా ఆపే కడ్డీకి ఉండే చిన్న రాడ్లు, రబ్బరు ముక్కలు) చూపించండి. చాలాసార్లు తప్పు అక్కడే ఉంటుంది, అవి చవక కూడా.

షాక్ అబ్జార్బర్ మీద ఆయిల్ కారిన మరక ఉన్నా, బండి గతుకు దాటాక ఊగుతూనే ఉన్నా అది అయిపోయినట్టే. ముందు చక్రాల షాక్‌లు రెండూ కలిపే మార్చండి. కంపెనీ పార్టు ధర భారమనిపిస్తే గాబ్రియెల్ లాంటి పేరున్న తయారీవి తీసుకోవచ్చు. విప్పినప్పుడే స్ట్రట్ మౌంట్ (షాక్‌ని పైన బాడీకి పట్టి ఉంచేది), బంప్ స్టాప్ (షాక్ పూర్తిగా దిగి కొట్టుకోకుండా ఆపే దిమ్మ), డస్ట్ కవర్ కూడా చూడండి. తర్వాత మార్చాలంటే మళ్లీ అదే కూలీ. స్ప్రింగులు విరగకపోతే, కుంగకపోతే పాతవే ఉంచుకోండి.

లోయర్ ఆర్మ్‌లో (చక్రాన్ని కిందనుంచి బండికి కలిపే చెయ్యి లాంటి భాగం) రబ్బరు బుష్ మాత్రమే పోతే, దాన్ని ప్రెస్ మీద విడిగా మార్చేవాళ్లు ఉంటారు. బిగించేటప్పుడు మాత్రం బండి బరువు చక్రాల మీద ఉండగానే లోయర్ ఆర్మ్ బోల్టులు చివరి టైట్ చేయమనండి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగి త్వరగా చిరిగిపోతుంది.

బాల్ జాయింట్ (లోయర్ ఆర్మ్‌ని చక్రం వైపు కలిపే కీలు) దగ్గర మాత్రం దయచేసి పొదుపు చూడొద్దు. అది ఊడితే నడుస్తున్న బండి చక్రం పక్కకు ఒరిగిపోతుంది. స్క్రాప్ షాపులో దొరికే వాడిన షాక్‌లు కూడా వద్దు. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ తప్పకుండా చేయించండి.